నీలిమందు పటాలం

తెలుపంటే ఒకటే రంగు అనుకునేవాళ్ళని చూస్తే పళ్ళాయనకి జాలి. ఆయన పని కట్టుడు పళ్ళు చేయడం. పళ్ళ డాక్టర్లు అచ్చులు తీసి పంపిస్తే, కిటికీ పక్కన దీపం పెట్టుకుని కూర్చుని, ఎవరి నోటికి తగ్గ పన్ను వాళ్ళకి చేసి పంపిస్తాడు. పాల తెలుపు, వెన్న తెలుపు, పొద్దస్తమానం కాఫీ తాగేవాడి తెలుపు, సిగరెట్టు మానేశానని పెళ్ళానికి అబద్ధం చెప్పేవాడి తెలుపు, అన్నీ ఆయనకి తెలుసు. రంగు పోల్చుకోవడానికి నమూనా పళ్ళు వరసగా గుచ్చిన చిన్న పెట్టె ఒకటి ఎప్పుడూ ఆయన సంచీలోనే ఉంటుంది.

అలాంటి మనిషి, సొంత బావ బొమ్మ సైనికుల తెల్ల కోట్లకి వేస్తున్న రంగు ఏటికేడాది నీలంగా మారిపోతుంటే చూస్తూ, నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నాడు. ఈ కథలో వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

బావంటే అక్క మొగుడు. స్కూలు యూనిఫారాలు కుట్టే దర్జీ. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. సైకిళ్ళ దుకాణం మీది గదిలో ఆదివారం ఆదివారం కలిసే జట్టుకి మాత్రం ఆయన గుండీల బావ. వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. ఆ గదిలో పెద్ద బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, అట్టలతో కొండలూ స్పాంజి ముక్కలతో చెట్లూ పెట్టి, రెండు వందల ఏళ్ళ కిందటి యుద్ధాలు మళ్ళీ ఆడతారు. వేలెడంత సీసపు సైనికులు, వాళ్ళకి తుపాకులు, ఫిరంగులు, గుర్రాలు. ఒక పటాలం ఎంత దూరం నడవాలో టేపుతో కొలుస్తారు. పేల్చిన తుపాకి తగిలిందో లేదో పాచికలు తేలుస్తాయి. పెద్ద మనుషులు బొమ్మలతో ఆడుకోవడమేంటని ఎవరైనా నవ్వితే నవ్వనీండి. వాళ్ళకి ఆదివారాలు ఎలా గడుస్తాయో మనకి తెలీదా?

ఆ గదికి ఒక చట్టముంది, ఒక మూఢనమ్మకముంది. చట్టం ఏమిటంటే, రంగు వేయని బొమ్మ బల్లెక్కకూడదు. నమ్మకం ఏమిటంటే, కొత్తగా రంగు పడిన పటాలం మొదటి యుద్ధంలో వెన్ను చూపి తీరుతుంది. ఎందుకంటే చెప్పలేరు గానీ, అందరూ కళ్ళారా చూసినవాళ్ళే. పాచికలకి కొత్త బట్టలంటే కుళ్ళు అని జట్టులోని మందుల షాపాయన సిద్ధాంతం.

ఆ చట్టాన్ని కాపాడేది గుండీల బావ. కొత్త బొమ్మ ఏదైనా ముందు ఆయన అరచేతిలోకి వెళ్ళాలి. "ఈ పటాలం వాళ్ళకి కాలరు మీద గుండీ లేదు. నువ్వెందుకు కుట్టావు?" అంటాడు, నిజంగా కుట్టినట్టే. ఒకసారి పోస్టుమాన్ తన గుర్రపు దళం మొత్తానికీ లాగూలు మళ్ళీ రంగేసుకోవాల్సొచ్చింది. తిట్టుకుంటూనే వేసుకున్నాడు, వేశాక పదిమందికీ చూపించుకున్నాడు. బావ తిట్టాడంటే బొమ్మ బతుకుతుందని అర్థం. బాగుంది అన్న మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు, దాని కోసం ఎవరూ ఎదురుచూడనూ లేదు.

అలాంటి బావ కళ్ళకి పొరలు కమ్మాయి. కొంచెం కొంచెంగా, ఆయనకే తెలియకుండా. లోకమంతా పసుపుపచ్చగా కనిపిస్తుంటే, తెల్ల కోటు తెల్లగా రావడం లేదని రంగులో ఒక చుక్క నీలం కలిపేవాడు. మరుసటి పటాలానికి ఇంకో చుక్క. ఆయన దండంతా తెల్ల కోటు దండే. చివర్లో వేసినవాళ్ళు వర్షాకాలపు ఆకాశంలా తయారయ్యారు. అందరికీ కనిపించింది. పిల్లి మెడలో గంట కట్టేదెవరు? పోస్టుమాన్ మందుల షాపాయన్ని చూశాడు, మందుల షాపాయన పళ్ళాయన్ని చూశాడు, పళ్ళాయన కిటికీలోంచి బయటికి చూశాడు. బావ బొమ్మలు చూపించి "ఎలా ఉన్నాయిరా?" అంటే అందరూ ఒక్క గొంతుతో "బాగున్నాయి" అన్నారు. ఇంట్లో అక్క కూడా అంతే. మిషను దగ్గర దారపు రీళ్ళు తనే ఎంచి అందించడం మొదలుపెట్టింది. ఎందుకని ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు.

చివరికి ఆపరేషన్ అయింది. డాక్టరు కట్టు విప్పితే బావ మొదట అక్క చీర చూసి, "ఇది ఇంత ఎర్రగా ఉంటుందా!" అని నవ్వాడు. ఇంటికి రాగానే అద్దాల బీరువా తెరిచి తన దండుని కిటికీ వెలుగులోకి తెచ్చుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఒక్కొక్కటే తిరిగి లోపల పెట్టి తాళం వేశాడు. కుంచెలన్నీ బిస్కెట్ల డబ్బాలో పడేసి, డబ్బా చుట్టూ దారం చుట్టి ముడేశాడు. "ఓపిక లేదే. నా బొమ్మలు ఆ గదికి ఇచ్చేయండి" అన్నాడు.

అప్పట్నించి ఆదివారం వస్తే కుర్చీ వరండాలో వేసుకుని, వీధిలో పోయే మనుషుల చొక్కాలు చూస్తూ కూర్చుంటున్నాడు. అన్నం తింటున్నాడు, దుకాణానికి వెళ్తున్నాడు, ఎవరినీ తిట్టడం లేదు. అక్కకి అదే భయం వేసింది. "మీ బావ మంచివాడైపోతున్నాడురా. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు" అంది తమ్ముడితో.

ఏడాదికొక్కసారి జరిగే పెద్ద యుద్ధం దగ్గరికొస్తోంది. వంతెన కోసం తెల్ల కోట్లకీ నీలి కోట్లకీ జరిగే పోరు అది. ఈసారి బావ రాకపోతే ఇంకెప్పటికీ రాడని పళ్ళాయనకి తెలుసు. మానేసిన అలవాటుకి ఒక పండగ దాటితే చాలు, అది మానేసినట్టే స్థిరపడిపోతుంది. బావ బతుకు కోరేవాడు బావమరిది అని పెద్దలు ఊరికే అన్నారా? అక్కా తమ్ముడూ వంటింట్లో గుసగుసలాడుకుని ఒక ఎత్తు వేశారు.

ఎత్తు ఇదీ. పళ్ళాయన ఒక కొత్త తెల్ల కోటు పటాలానికి రంగు వేస్తాడు. కోట్లు శుభ్రంగా తెల్లగా ఉంటాయి. కానీ చేతి పట్టీలూ కాలర్లూ చిలకపచ్చ ఉండాల్సిన చోట ఇటుక ఎరుపు పెడతాడు. ఆ తప్పు చూసి బావ ఊరుకోలేడు. ఊరుకోలేక అరుస్తాడు, అరిచినవాడు కుంచె అడుగుతాడు. పాము చావాలి, కర్ర విరగకూడదు.

పళ్ళకి రంగు వేసే సన్నటి కుంచెలతోనే ఆయన ఆ పటాలాన్ని ముస్తాబు చేశాడు. కోటు మడతలో నీడ, బెల్టు మీద మెరుపు, బుగ్గ మీద కొంచెం గులాబి. అంత ముచ్చటగా వచ్చాక ఎర్ర పట్టీలు వేయడానికి చెయ్యి రాలేదు. కళ్ళు మూసుకుని చేదు మందు మింగినట్టు వేశాడు.

పళ్ళెంలో పెట్టుకుని అక్క ఇంటికెళ్ళాడు. బావ వరండాలో కుర్చీలో ఉన్నాడు. ఒక సైనికుణ్ణి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వెలుగుకి పట్టి చూశాడు. తలుపు చాటు నుంచి అక్క తొంగి చూసింది.

"బాగుంది" అన్నాడు బావ. బొమ్మని పళ్ళెంలో పెట్టేశాడు.

"ఏమీ… తేడాగా లేదా బావా?"

"ఏం తేడా? బాగుంది. కష్టపడ్డావు."

పళ్ళాయన పళ్ళెం ఎత్తుకున్నాడు. ఎన్నేళ్ళ బావ! తిడితే ఎంత బాగుండేది. అక్క లోపలికెళ్ళి కొళాయి తిప్పి గిన్నెలు తోమడం మొదలెట్టింది. అవి అప్పటికే తోమిన గిన్నెలు.

పెద్ద యుద్ధానికి ముందు రోజు పొద్దుట్నించీ ముసురు. బావ వచ్చినా రాకపోయినా తెల్ల కోట్ల వైపు ఎవరో ఒకరు నిలబడాలి. బావ దండు తాళంలో ఉంది, ఉన్నదల్లా ఈ కొత్త పటాలమే. పట్టీలు సరిచేసే మనసు కూడా పళ్ళాయనకి లేదు. చూసే మనిషి చూడడం మానేశాక ఏ రంగైతే ఏంటి? చేతులు తగిలి రంగు చెరిగిపోకుండా పైన మెరుపు లేని వార్నిష్ కొట్టడం ఒక్కటే మిగిలింది. డబ్బా ఊపి, బాల్కనీలో అట్ట మీద సైనికుల్ని నిలబెట్టి, బుస్సుమని కొట్టి లోపలికొచ్చేశాడు.

కాసేపాగి వెళ్ళి చూస్తే పటాలం లేదు. ఉన్నచోటే ఉంది గానీ, మొహాలు లేవు, బెల్టులు లేవు. తల నుంచి కాలి దాకా బూడిద చల్లినట్టు తెల్లటి పొగ పట్టేసింది. ఆయన వేసిన తెలుపుల్లో ఏ తెలుపూ కాదది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ సంగతి. గుడ్డతో తుడిచి చూశాడు, పోలేదు. గోటితో గీకాడు, పోలేదు. ఏం చేయాలో తోచలేదు. ఇలాంటి వాటికి ఏం చేయాలో తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. అట్టని అలాగే ఎత్తుకుని, గొడుగు పట్టుకుని, చెప్పులు తడిసి టపటపలాడుతుంటే పరిగెత్తాడు.

అక్క తలుపు తీసింది. బావ లోపల పేపరు చదువుకుంటున్నాడు. పళ్ళాయన అట్ట బల్ల మీద పెట్టాడు.

బావ పేపరు దించాడు. చూశాడు. లేచాడు.

"ఎవడ్రా ముసురు పట్టిన రోజు వార్నిష్ కొట్టేది!"

గోడ మీది క్యాలెండరు అదిరినంత పని అయింది.

"బుద్ధుందా నీకు? గాల్లో తడి ఉంటే వార్నిష్ పొగబట్టిపోతుందని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? ఎండ రానీ, ఒక్క రోజు ఆగు, అంటే ఆగలేవా? ఏం, రైలెళ్ళిపోతుందా? నోట్లో పళ్ళు కూడా ఇలాగే పెడతావా అందరికీ?"

అక్క గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చేసింది. ఆ అరుపు విని ఎన్నాళ్ళయిందో. ఆమె మొహం చూడాలి ఆ క్షణంలో, పెళ్ళికూతుర్లా వెలిగిపోతోంది.

"పైగా ఆ పట్టీలొకటి! చిలకపచ్చ ఉండాల్సిన చోట ఇటుకలు పేర్చాడు!"

అన్నాక బావే ఆగిపోయాడు.

"మొన్న చూశావా మరి?" అన్నాడు పళ్ళాయన నెమ్మదిగా.

"చూడకేం? కొత్త కళ్ళు. నువ్వు గేటు తీస్తుండగానే కనిపించాయి."

"మరి బాగుందన్నావు?"

బావ మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. మెడలో టేపు తీసి వేలికి చుట్టుకున్నాడు.

"నా కోట్లు నీలంగా ఉంటే మీరేమన్నారు? బాగుందన్నారు. అందరూ. ఎన్నేళ్ళు అన్నారు! అదే మర్యాద కాబోలనుకుని నేనూ నేర్చుకున్నాను."

బయట వాన చూరు మీంచి బొట్లు బొట్లుగా కారుతోంది.

"ఒక్క గుండీ ఎక్కువైతే మీ అందర్నీ ఉతికి ఆరేసేవాణ్ణి. నేను బట్టలకి బట్టలే రంగు మార్చేస్తే ఒక్కడు నోరు మెదపలేదు. అంటే ఏంటి? ముసలాడయ్యాడు, పోనీలే అనుకున్నారు. పోనీలే అనిపించుకున్నవాడికి ఆ బల్ల దగ్గర కుర్చీ ఎందుకురా?"

పళ్ళాయనకి తల ఎత్తాలంటే సిగ్గేసింది. ఊళ్ళో అందరి పళ్ళ తెలుపూ చెప్పగలిగిన మనిషి, బావకి ఒక్క తెలుపు గురించి చెప్పలేకపోయాడు. "పోనీలే అనుకోలేదు బావా. చెబితే నువ్వు మానేస్తావేమోనని భయపడ్డాం. నువ్వు లేకపోతే మాకు ఆదివారమెక్కడిది?"

"చెప్పుంటే మానేసేవాణ్ణి కాదురా వెధవా, తిట్టేవాణ్ణి! చెప్పలేదు కనక మానేశాను."

"నేనూ చెప్పలేదండీ" అంది అక్క. "దారాలు అందించినప్పుడల్లా చెప్దామనుకునేదాన్ని."

"నువ్వు కూడానా? సరిపోయింది." బావ లేచి అద్దాల బీరువా తాళం తీశాడు. "తియ్యి నీ పళ్ళ పెట్టె. ఇప్పుడు చెప్పు. ఒక్కటి దాచావో, నిన్ను గుండీ చేసి కుట్టేస్తాను."

పళ్ళాయన సంచీలోంచి పెట్టె తీశాడు. దీపం దగ్గరికి లాగి, నమూనా పన్ను పక్కన పెట్టి, ఒక్కొక్క పటాలాన్నీ చూశాడు. మొదట్లో మాటలు కూడబలుక్కున్నాడు. తర్వాత ఆగలేదు.

"ఇది తెలుపే బావా. ఇదీ తెలుపే. ఇది మీగడ, పరవాలేదు. ఇక్కడ మొదలైంది. ఇది నీలం. ఇది ఇంకా నీలం. ఈ జెండా పట్టుకున్నవాడైతే ఆకాశంలోంచి ఊడిపడ్డాడు."

అక్క గరిటెతోనే నోరు మూసుకుంది. "వాళ్ళ బట్టలుతికినవాడు నీలిమందు ఎక్కువ వేశాడనుకోండి" అంది.

బావ ఆ జెండావాణ్ణి పైకెత్తి చూశాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, తర్వాత ఇల్లంతా కదిలింది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆగడం, మళ్ళీ మొదలెట్టడం. నవ్వీ నవ్వీ బావ కళ్ళు తుడుచుకుంటూ, "ఏమే, చుక్కల మందు వేసుకోవాలి, కళ్ళు కారుతున్నాయి" అన్నాడు. చుక్కల మందు ఎప్పుడో అయిపోయిందని ముగ్గురికీ తెలుసు.

"ఊఁ, చాల్లే. ఆ డబ్బా అందుకో."

బిస్కెట్ల డబ్బా ముడి పళ్ళతో కొరికి విప్పాడు. ఈసారి వార్నిష్ సీసా వేరు, మెరిసే రకం. పొగబట్టిన బొమ్మకి కుంచెతో అది పల్చగా పూస్తే లోపలి రంగు మళ్ళీ తేలుతుందట. "నీకెలా తెలుసు?" అంటే, "నా మొదటి ఫిరంగులన్నీ ముసురులోనే పాడుచేశాను. చెప్పుకోలేదంతే" అన్నాడు. కుంచె ముంచి, మొదటి సైనికుడి భుజం మీద పెట్టేముందు ఒక్క క్షణం ఆగాడు. పళ్ళాయన ఆయన వేళ్ళనే చూస్తున్నాడు. కుంచె తిన్నగా దిగింది. బూడిద కరిగి తెల్ల కోటు బయటికొచ్చింది, బెల్టు వచ్చింది, బుగ్గ మీది గులాబి వచ్చింది.

పళ్ళాయన మెరుపు పూయడం, అది ఆరాక బావ పట్టీలకి చిలకపచ్చ దిద్దడం. సాయంత్రం దీపాలు పెట్టేవేళకి పటాలం పూర్తయింది. మధ్యలో అక్క మూడుసార్లు టీ పెట్టింది, బావ మూడుసార్లూ కుంచె టీలో ముంచాడు.

ఆదివారం మబ్బు విడిచింది. సైకిళ్ళ దుకాణం మెట్ల మీద బావ దగ్గు వినపడగానే మీది గదిలో మాటలు ఆగిపోయాయి. బావ పెట్టె తెరిచి తన దండుని బల్ల మీద వరస పెట్టాడు. చివర నీలం కోట్లని కూడా పెట్టి, అందరి వైపూ తిరిగి, "ఇది నీలిమందు పటాలం" అన్నాడు.

మందుల షాపాయన నేల చూశాడు. పోస్టుమాన్, "అంటే… నీలంగా ఏం లేవే…" అని నసిగాడు.

"ఇంకోసారి అన్నావంటే నీ లాగూకి కూడా అదే రంగు వేస్తాను" అన్నాడు బావ. పళ్ళాయన ఇంక ఆపుకోలేకపోయాడు. ఆయన నవ్వితే మిగతావాళ్ళు నవ్వారు. పోస్టుమాన్ అయితే ఏళ్ళ బరువు దించుకున్నట్టు కుర్చీలో కూలబడి నవ్వాడు.

యుద్ధం మొదలైంది. పళ్ళాయన కొత్త పటాలం మెరుపు వార్నిష్‌తో అప్పుడే నూనె రాసుకున్నట్టు తళతళలాడుతూ వంతెన వైపు కదిలింది. "ఎవరింట్లో పెళ్ళికి వెళ్తున్నార్రా వీళ్ళు?" అన్నాడు పోస్టుమాన్, ఒక్క ఫిరంగి పేల్చాడు. పళ్ళాయన పాచికలు వేశాడు. అన్నీ ఒకట్లే. ముందు వరస వెనక్కి తిరిగింది, వెనక వరస ముందే తిరిగింది, తళతళలాడే పటాలమంతా బల్ల అంచు దాకా పారిపోయింది. గది గదంతా చప్పట్లు. గది నమ్మకం నిలబడింది. పాపం, పారిపోయిన పటాలానికి అంత మర్యాద ఎక్కడా జరిగి ఉండదు. వంతెన దగ్గర మిగిలింది నీలిమందు పటాలమే. పాతకాపులు కదా, టీలు వచ్చేదాకా అంగుళం కదల్లేదు.

టీలు తాగుతుండగా బావ చొక్కా జేబులోంచి దూది చుట్ట ఒకటి తీశాడు. విప్పితే గుర్రమెక్కిన దళపతి. పొద్దున్నే లేచి, కొత్త కళ్ళతో, ఒక్కడే కూర్చుని వేసిన మొదటి బొమ్మ. దాన్ని ఆకుపచ్చ గుడ్డ మధ్యలో నిలబెట్టాడు.

"ఎలా ఉందిరా?"

గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి. అందరి కళ్ళూ పళ్ళాయన మీద. బొమ్మ అందంగా ఉంది. ఎంత అందంగా ఉందంటే, బాగుంది అనేస్తే ఎవరూ తప్పు పట్టరు. బావ చేతులు రెండూ టేపు కొసల్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

పళ్ళాయన దళపతిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. పెట్టె తీసి తెలుపు పోల్చాడు. తీరిగ్గా చూశాడు. తిరిగొచ్చి బల్ల మీద పెట్టాడు.

"కోటు తెలుపే బావా, వంక పెట్టడానికి లేదు. మీసమే, ఎడమ పక్క పైకి లేచిపోయింది. సగం మొహం నవ్వుతోంది, సగం మొహం ఏడుస్తోంది."

బావ కళ్ళజోడు పెట్టుకుని, బొమ్మని ముక్కు దాకా తెచ్చుకున్నాడు.

"అవున్రా!" అన్నాడు. పతకం తగిలించినట్టు ఆయన మొహం విప్పారింది. "లేచిపోయింది! శుభ్రంగా లేచిపోయింది!"

దళపతిని పోస్టుమాన్ చేతిలో పెట్టి, కుర్చీ బల్ల దగ్గరికి ఈడ్చుకుని కూర్చున్నాడు.

"ఇంకా?" అన్నాడు.